ఈ ఏడు మా ఇంట మెచ్చిన వంటలు

మానవుని నిత్యకృత్యాలలో వంట కన్న ప్రాచీనమైనవి కొద్ది. అయినప్పటికీ ఇంటి వంట వలె తక్కువగా గ్రంథస్థమైన విద్య మరొకటి లేదేమో. రాజుల వంటశాలలకు గ్రంథాలు పుట్టినవి. పన్నెండవ శతాబ్దిలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసంలో అన్నభోగమునకు ఒక ప్రకరణమే కేటాయింపబడినది. పదిహేనవ శతాబ్ది చివర మాళవ సుల్తాను గియాసుద్దీన్ షా తన వంటకాలను నిమత్‌నామా అను పేర చిత్రాలతో సహా వ్రాయించుకొన్నాడు. సామాన్యుల ఇండ్లలో మాత్రం వంట తల్లి నోటి నుండి కూతురి చేతికి వచ్చినదే గాని కాగితం మీదికి రాలేదు. ఆధునిక కాలంలో శ్రీమతి మాలతీ చందూర్ గారు ఆ కొరత చాలవరకు తీర్చారు. ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు ‘ప్రమదావనం’ శీర్షికను నడిపిన ఆమె వ్రాసిన ‘వంటలు - పిండివంటలు’ ఎన్నో ముద్రణలు పొందినది. 2013లో ఆమె దివంగతులైనారు గాని, కొత్తగా కాపురానికి వెళ్ళే ఆడపిల్ల పెట్టెలో ఆ పుస్తకం పెట్టి పంపిన ఇండ్లు తెలుగునాట ఎన్నో.

అయితే ఏ పాకపుస్తకం తెరచినా ఒక మాట దగ్గర చదువరి ఆగిపోక తప్పదు. అది ‘తగినంత’. ఉప్పు తగినంత, పులుపు తగినంత, మంట తగినంత. మా ఇంట ఉర్దూలో దానిని ‘అందాజా’ అంటారు. వంటలోని విద్య అంతా ఆ ఒక్క మాటలోనే దాగి ఉన్నది. ఆ మాట వెనుక ఏమి ఉన్నదో ఈ సంవత్సరం మేమిద్దరం అక్కచెల్లెళ్ళం మా నానీ వద్ద కొంత తెలుసుకొన్నాము. నానీ అనగా మా అమ్మకు తల్లి. నర్సీపట్నంలోని మా ఇంటికి యాభై ఏండ్లుగా ఆమెయే వంట.

వార్షిక సంచికకు ఏదైనా వ్రాయుడని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, ఈ ఏడు మా ఇంట అందరూ మెచ్చిన వంటలను గురించి వ్రాయుదమని అనుకొన్నాము. అందుకు ఆధారం కూడ మా వద్ద సిద్ధంగా ఉన్నది. వంటింటి తలుపు వెనుక 2025 క్యాలెండరు వ్రేలాడుతున్నది. ఎవరైనా అడిగి వండించుకొన్న వంట పేరును మా చెల్లెలు ఆ తేదీ గడిలో పెన్సిలుతో వ్రాస్తూ వచ్చినది. ఇది మొదట ఎవరికి ఎక్కువ గారాబం జరుగుతున్నదో తేల్చుటకు మాత్రమే మొదలైన లెక్క. తరువాత అది మరొక సంగతి చెప్పినది.

ఆ సంగతికి ముందు జరిగినదొకటి చెప్పవలసి ఉన్నది. 2024 డిసెంబరులో నానీకి తీవ్రమైన జ్వరము, జలుబు వచ్చి పది రోజులకు తగ్గినవి. లేచి మరల వంటింటికి వచ్చినది. అంతా మామూలే అనుకొన్నాము. ఒకనాటి సాయంత్రం మేము వీధి గుమ్మంలో చదువుకొంటూ ఉండగా లోపలి నుండి మాడు వాసన గుప్పున వచ్చినది. పరుగెత్తి చూచితే పొయ్యి మీద పప్పు అడుగంటి పొగ లేస్తున్నది. రెండు మూరల దూరంలో నానీ పీట మీద కూర్చుండి నిశ్చింతగా కొత్తిమీర ఏరుకొంటున్నది. అప్పుడు గాని ఆమెకు వాసన పోయినదని మాకు తెలియలేదు. ఆమెకు మాత్రం రెండు వారాలుగా తెలుసు. ఎవరితోను చెప్పలేదు. “చెప్పితే వంటింటిలోకి రానిస్తారా?” అన్నది.

వైద్యులు చూచి, ఇది కొత్త విషయం కాదన్నారు. వైరస్ జ్వరముల తరువాత ముక్కు పై భాగంలో వాసనను గ్రహించే పొర దెబ్బతినుట కలదు. 2020 తరువాత కోవిడ్ కారణంగా ప్రపంచమంతటా లక్షలాది మందికి ఇది అనుభవమైనది. కొందరికి కొన్ని వారాలలో, కొందరికి నెలల తరబడి సాధనతో తిరిగి వస్తుంది. కొందరికి పూర్తిగా రాకపోవచ్చును.

ఇక్కడ రుచికి, వాసనకు గల సంబంధం కొంత వివరించుట అవసరం. మనం ‘రుచి’ అని వ్యవహరించే దానిలో అధికభాగం నిజమునకు వాసనయే. నోటిలో నమలుచున్నప్పుడు పదార్థపు పరిమళం గొంతు వెనుక నుండి ముక్కులోనికి పోతుంది. ఏలకుల తీపికి, లవంగాల తీపికి భేదం చెప్పేది నాలుక కాదు, ముక్కు. నాలుక స్వయంగా తెలుసుకొనేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసరసం వంటి వాటిలోని కమ్మదనము మాత్రమే. కారము, వగరు సరిగా చెప్పవలెనన్న రుచులు కావు. అవి నోటి లోపలి చర్మానికి తగిలే స్పర్శలు. కాని మన పెద్దలు లెక్కించిన షడ్రుచులను చూడండి: తీపి, పులుపు, ఉప్పు, చేదు, కారం, వగరు. ఆరింటిలో ఒక్కటి కూడ ముక్కుతో పని ఉన్నది కాదు! వాసన పోయిన మనిషికి ఆ ఆరూ మిగిలే ఉంటాయి.

ఈ సంగతి మేము పుస్తకంలో చదివి తెలుసుకొనలేదు. 2025లో ఉగాది మార్చి 30న వచ్చినది, రంజాన్ పండుగ మరునాడే వచ్చినది. ఆ ఆదివారం పక్కింటి పిన్నిగారు ఉగాది పచ్చడి గిన్నె పంపించారు. మాకు ఉపవాసం గనుక ఇఫ్తార్ వరకు మూతపెట్టి ఉంచాము. సాయంత్రం ఖర్జూరం తిన్న తరువాత నానీ ఒక చెమ్చా పచ్చడి నోట వేసుకొని చాలసేపు మాట్లాడలేదు. తరువాత వ్రేళ్ళు మడుస్తూ ఒక్కొక్కటే చెప్పినది: ఇది చింతపండు, ఇది వేపపువ్వు, ఇది మామిడి ముక్క వగరు, ఇది బెల్లం. మూడు నెలలుగా ఆమెకు ఏ పదార్థమైనా గడ్డి వలెనే ఉన్నదట. ఆ సాయంత్రం గిన్నె ఖాళీ చేసినది ఆమెయే.

ఇక వంటలకు వస్తాము. క్యాలెండరులో అన్నింటి కన్న ఎక్కువసార్లు కనిపించేది ఖట్టీ దాల్. దానికి జతగా బగారా ఖానా. బగారా అన్నం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, మసాలా దినుసులు, పుదీనా, అల్లం వెల్లుల్లి వేసి నానిన బియ్యం ఉడికించుటయే. ఖట్టీ దాల్ విషయం అట్లు కాదు. చూచుటకు అది పప్పుపులుసు వలె ఉంటుంది గాని, పప్పుచారు కన్న చిక్కగా, మామూలు పప్పు కన్న పలుచగా ఉండవలెను. పావు కిలో కందిపప్పుకు చిన్న నిమ్మకాయంత చింతపండు, రెండు టమాటాలు, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక చెమ్చా అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారము, కరివేపాకు. పప్పును పసుపుతో మెత్తగా ఉడికించి, ఎనిపి, ఆ తరువాతనే పులుసు పోయవలెను.

ఆ ‘తరువాతనే’ అను మాట మేము మొదటిసారి పెడచెవిని పెట్టాము. పని తొందరలో పప్పు, టమాటా, చింతపండు రసం అన్నీ ఒకేసారి కుక్కరులో పోసి మూత బిగించాము. ఎన్ని కూతలు వచ్చినా పప్పు పలుకుగానే మిగిలినది. నానీ ఒక బద్ద వ్రేళ్ళ మధ్య నలిపి చూచి, “పులుపు పప్పును భయపెట్టినది” అన్నది. కళాశాలలో అడిగితే రసాయనశాస్త్రం చెప్పే మాస్టారు అదే మాటను మరొక విధంగా చెప్పారు. గింజలోని కణాల గోడలను అతికి పట్టుకొని ఉండే పెక్టిన్ అనే పదార్థం కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. ఆమ్లంలో అది త్వరగా కరుగదు. కాల్షియం ఎక్కువగా గల బోరు నీటిలోను అంతే. ఉప్పునీటి బోరు గల ఇండ్లలో పప్పు ఉడకదని వాపోయేది ఇందుకే. మా ఇంట పప్పుకు త్రాగే నీళ్ళే వాడుట నానీ నియమం. మేము అది ఉత్త పట్టుదల అనుకొంటూ వచ్చాము.

పులుసు పోసిన పిమ్మట ఎంతసేపు మరగవలెను? ఇంతకు పూర్వం నానీ పచ్చివాసన పోయినదాకా అనేది. ఇప్పుడు ఆ గుర్తు ఆమెకు పనికి రాదు. అందుచేత ఆమె కంటికి, చెవికి తెలిసే గుర్తులు వెదుకవలసి వచ్చినది. మొదట పైన తెల్లని నురుగు పెద్ద బుడగలతో లేస్తుంది. పది నిమిషాలకు నురుగు తగ్గి, బుడగలు చిన్నవై, గిన్నె అంచుల వెంట పసుపుపచ్చని గీత వంటిది నిలుస్తుంది. అప్పుడు గరిటెతో తీసి పోసితే ధార తెగకుండా పడవలెను. ఆపైన బఘార్, అనగా తాళింపు: మూడు చెమ్చాల నూనెలో జీలకర్ర, ఎండుమిర్చి, చితకగొట్టిన వెల్లుల్లి ఆరు రెబ్బలు, కరివేపాకు. కరివేపాకు చిటపట ఆగిన క్షణం, వెల్లుల్లి అంచులు గోధుమరంగుకు తిరిగిన క్షణం ఒక్కటే కావలెను. తాళింపును పప్పులో వేసి వెంటనే మూత పెట్టవలెను. ఇన్నేండ్లు నానీ చేతి దాల్ తిన్న మాకు ఈ గుర్తులలో ఒక్కటి కూడ తెలియకపోవుట ఆశ్చర్యము. ఆమె నోటితో చెప్పవలసిన అవసరం ఎన్నడూ రాలేదు గనుక.

చింతపండును గురించి ఒక మాట. చింతపల్లి ఏజెన్సీకి నర్సీపట్నం గుమ్మం వంటిది. మన్యం నుండి చింతపండు, తేనె, సారపప్పు ఇటు దిగివస్తాయి. గిరిజనుల వద్ద అటవీ ఫలసాయాన్ని కొనుటకు 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ సేకరించే వస్తువులలో చింతపండు ముఖ్యమైనది. కొత్త చింతపండుకు, నల్లబడిన పాతదానికి పులుపు ఒక్కటి కాదు, రంగు ఒక్కటి కాదు. పుస్తకంలో ‘నిమ్మకాయంత’ అని వ్రాయుట సులభం. ఏ చింతపండు నిమ్మకాయంత అన్నది నాలుక మీద వేసుకొని చూడవలసినదే. ఈ పరీక్షలో మాత్రం నానీ మా అందరి కన్న ఘటికురాలు. వాసన పోయినవారికి పులుపు మరింత సూటిగా తగులునేమో!

రెండవ స్థానం చిగుర్ గోష్త్‌ది. ఈ పేరులోనే మన రెండు భాషల స్నేహం ఉన్నది. ‘చిగుర్’ అను మాట తెలుగువారి చింతచిగురు నుండి దక్కనీ ఉర్దూలోనికి వెళ్ళినది; ‘గోష్త్’ పారశీకం నుండి వచ్చినది. దానికి బదులుగా అన్నట్లు తెలుగువారు పలావు, కైమా, మసాలా, నాష్టా మొదలైన మాటలను తమవిగా చేసికొన్నారు. మా ఇంట గోంగూరను అంబాడా అంటాము. పక్కింటి పిన్నిగారికి ఆ మాట అలవాటే, ఆమె గోంగూర అంటే మాకు అలవాటే. వేసవి మొదట్లో చిగురు సంతకు వస్తుంది. కుప్పలుగా పోసి అమ్ముతారు. మధ్యాహ్నానికి వాడిపోతుంది గనుక ఉదయమే వెళ్ళవలెను. అర కిలో మాంసానికి దోసెడు చిగురు చాలును. కడిగి, నీడన ఆరబెట్టి, రెండు అరచేతుల మధ్య నలిపితే ఈనెలు విడిపోతాయి. మాంసం పూర్తిగా మెత్తబడి నూనె పైకి తేలిన తరువాతనే చిగురు వేసి, పది నిమిషాలలో దించవలెను. ముందుగా వేసితే పులుపు వలన, వేడి వలన ఆకులోని పచ్చదనం నశించి కూర అంతా మట్టిరంగుకు తిరుగుతుంది.

ఈ కూరకు నానీ ఇత్తడి దేగ్చీయే వాడుతుంది. దానికి కళాయి పూత సరిగా ఉన్నదో లేదో చూడనిదే పొయ్యి మీదికి ఎక్కనీయదు. ఇత్తడిలో రాగి ఉన్నది. పులుపు రాగిని కరిగించి ఆహారంలో కలుపుతుంది. అది దేహానికి హాని. తగరపు పూత ఆ రెండింటి మధ్య అడ్డుగోడ. వెనుకటికి కళాయి వేసేవారు వీధి వీధి తిరిగి, నేలలో గుంత త్రవ్వి, తిత్తి ఊది పని చేసేవారట. ఈ ఏడు మా దేగ్చీకి కళాయి వేయించుటకు మేము మూడు ఊళ్ళు విచారించవలసి వచ్చినది. స్టీలు గిన్నెలో వండితే ఏమి అని అడిగాము. “ఏమీ కాదు” అన్నది నానీ, దేగ్చీని తోముతూ.

వేసవిలోను, రంజాన్ సహరీ వేళల్లోను ఎక్కువగా కనిపించిన మరొక పేరు చోడి అంబలి. ఇది మా ఇంటి వంట కాదు. ఈ ప్రాంతపు పొలాలలోను, కొండల మీదను పనిచేసే వారి ఆహారం. రాగులను మా ఉత్తరాంధ్రలో చోళ్ళు అంటారు. రాత్రి చోడిపిండిని నీళ్ళలో కలిపి పులియనిచ్చి, మరునాడు నూకలతో ఉడికించి, చల్లారిన తరువాత మజ్జిగ, ఉప్పు కలిపి, ఉల్లిపాయ ముక్కతో త్రాగుతారు. పిన్నిగారు నేర్పిన విధానం ఇదే. సహరీలో ఒక గ్లాసు అంబలి త్రాగిన నాడు మధ్యాహ్నం వరకు దాహం బాధించలేదని మా ఇంట అందరూ ఒప్పుకొన్నారు. పరోటా లేని సహరీ ఏమి సహరీ అని మొదట పెదవి విరిచిన మా అన్నయ్య రెండవ వారం నుండి రెండు గ్లాసులు త్రాగినాడు.

రంజాన్ అనగానే హలీం తలపునకు వస్తుంది. నేడు దానికి హైదరాబాదు పేరు స్థిరపడినది. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. కాని దాని మూలం చాల దూరంలో, చాల ప్రాచీనంగా ఉన్నది. పదవ శతాబ్దిలో బాగ్దాదులో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ కూర్చిన పాకగ్రంథంలో గోధుమను మాంసంతో నలియగొట్టి వండే హరీసా కనిపిస్తుంది. నిజాముల కాలంలో అరబ్ సైనికులు వచ్చి స్థిరపడిన హైదరాబాదు బార్కస్ వాడలో నేటికీ ‘హరీస్’ అనే పేరుతోనే దానిని వండుతారు.

మా ఇంటి హలీం అంత ఘనమైనది కాదు. పావు కిలో గోధుమరవ్వ, గుప్పెడు శనగపప్పు, గుప్పెడు మినపపప్పు, అర కిలో ఎముకతో కూడిన మాంసం. రవ్వను ముందుగా నానబెట్టి, మధ్యాహ్నం ఒంటిగంటకు సన్నని మంట మీద పెట్టితే ఇఫ్తార్‌కు సిద్ధమవుతుంది. దీనిలో రహస్యం మసాలాలో లేదు, ఓపికలో ఉన్నది. మాంసంలోని నరాలు, ఎముకలను అంటిన పీచు సన్నని సెగపై గంటల తరబడి ఉడికితే జిగురుగా మారుతాయి. గోధుమలోని పిండి నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది. ఎముకలు ఏరివేసి కొయ్య ఘోట్నీతో మెదుపుతూ పోతే రెండూ ఒకటవుతాయి. తొందరపడి మంట పెంచితే అడుగున గోధుమ మాడుతుంది, పైన మాంసం పీచుగానే ఉంటుంది. ఎప్పుడు అయినదని చెప్పవలెను? ఘోట్నీని పైకి ఎత్తితే హలీం ముద్దలు ముద్దలుగా రాలకుండా తీగ వలె సాగి, మెల్లగా తెగవలెను. మెదిపేటప్పుడు చప్పుడు కూడ మారుతుంది. మొదట నీళ్ళ చప్పుడు, చివరకు బురదలో ఎడ్లు కాళ్ళు తీసిన చప్పుడు. ఈ ఉపమానం నానీదే. పత్రికకు తగదని చెల్లెలు అభ్యంతరం చెప్పినది గాని దీని కన్న సరియైన వర్ణన మాకు దొరకలేదు.

వేయించిన ఉల్లిపాయల దగ్గర మాత్రం నానీకి సహాయం కావలసి వచ్చినది. అవి ఎరుపు నుండి నలుపుకు తిరుగుటకు ఎంతోసేపు పట్టదు. రంగు కన్న ముందు వాసన హెచ్చరిస్తుంది. అందుకు మా ఇంటి కడసారి పిల్ల, ఆరేండ్లది, నియమింపబడినది. దానిని పొయ్యికి దూరంగా ఒక స్టూలు మీద కూర్చుండబెట్టి, “తీపి వాసన వచ్చినదా?” అని నానీ అడుగుతుంది. అది ముక్కు ఎగబీల్చి “ఇంకా లేదు” అంటుంది. ‘ఇప్పుడు’ అని అది కేక వేసిన తక్షణం బాండీ దిగుతుంది. ఈ ఉద్యోగానికి జీతం ప్రతి సాయంత్రం ఒక ఖర్జూరం.

గోధుమతోనే చేయబడి, దీనికి పూర్తిగా భిన్నమైన కీర్తి సంపాదించిన మాడుగుల హల్వా మాకు ఎంతో దూరం కాని ఊరిది. గోధుమలను రోజుల తరబడి నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పులియనిచ్చి, చక్కెర, నేతితో ఉడికించుట దాని విధానం. అది మేము కొని తినుటయే గాని చేసి ఎరుగము. అందుచేత ఇంతటితో విడిచిపెడుతున్నాము.

ఇప్పుడు మా పరాభవం ఒకటి చెప్పవలెను. పండుగనాటి షీర్ ఖుర్మా అందరికీ తెలిసినదే. పారశీకంలో షీర్ అనగా పాలు, ఖుర్మా అనగా ఖర్జూరము. నేతిలో వేయించిన సన్నని సేమియా, ఖర్జూరపు ముక్కలు, జీడిపప్పు, సారపప్పు, పాలు, చక్కెర. ఉగాది పచ్చడిలో బెల్లం రుచి చూచిన నానీ ఆ రాత్రే, నెలవంక కనిపించిన కబురు వచ్చిన తరువాత, ఈసారి చక్కెర వద్దు, అనకాపల్లి బెల్లం వేయుదమన్నది. చక్కెర ఒట్టి తీపి, బెల్లంలో తీపితో పాటు కొంచెం ఉప్పదనము, కొంచెం వగరు కూడ నాలుకకు తెలుస్తున్నవని ఆమె అన్నది. ఆమె అన్నది నిజమే. చక్కెరలో నిలువని ఖనిజ లవణాలు బెల్లంలో నిలిచి ఉంటాయి. అనకాపల్లి మా జిల్లా కేంద్రం. దేశంలోని పెద్ద బెల్లం విపణులలో అది ఒకటి. చెరకు పరిశోధన అక్కడ 1913 నుండి జరుగుతున్నది. అటువంటి చోట ఉండి పండుగకు చక్కెర వాడుట ఏమిటని మాకు కూడ ఉత్సాహం కలిగినది.

తెల్లవారుజామున మరుగుతున్న పాలలో బెల్లం తరిగి వేశాము. రెండు నిమిషాలలో అయిదు లీటర్ల పాలు విరిగి, నీళ్ళు వేరు, గడ్డలు వేరు అయినవి. నమాజు నుండి బంధువులు తిరిగి వచ్చే వేళ సమీపిస్తున్నది. బెల్లంలో సహజంగా కొంత ఆమ్లగుణం ఉంటుంది; మరిగే పాలకు అది చాలును. నానీ కోపగించలేదు. “పాలు, బెల్లం అత్తాకోడళ్ళ వంటివి. ఇద్దరూ చల్లబడిన తరువాత గాని ఒక గిన్నెలో కలుపరాదు” అన్నది. ఆ ముక్క ముందుగా చెప్పవలసినది గదా అంటే, ఇన్నేండ్లు చేతికి తెలిసినది నోటికి ఎట్లా తోచునని ఎదురు ప్రశ్న వేసినది. విరిగిన పాలను వడకట్టి గడ్డలను బెల్లంతోనే దగ్గరగా ఉడికించి పిల్లలకు పంచాము. రెండవసారి పాలు, సేమియా, ఖర్జూరం ఉడికించి దించి, గోరువెచ్చన అయిన తరువాత, వేరుగా కరిగించి వడకట్టి చల్లార్చిన బెల్లం పాకం కలిపాము. విరుగలేదు. వచ్చినవారు రెండేసి గిన్నెలు త్రాగినారు. తరువాత క్యాలెండరులో బెల్లం షీర్ ఖుర్మా పండుగ లేని రోజులలో కూడ కనిపిస్తుంది. తెల్లగా మెరిసే బెల్లం కన్న ముదురు రంగు బెల్లం మేలు. ఆ తెలుపు కోసం రసాయనాలు కలిపేవారు ఉన్నారు.

ఈ వ్యాసం కొరకు క్యాలెండరును గోడ నుండి దించి పుటలు త్రిప్పినప్పుడు గాని మాకు ఒక సంగతి తట్టలేదు. ఖట్టీ దాల్, చిగుర్ గోష్త్, అంబలి, హలీం, బెల్లం షీర్ ఖుర్మా. ఇవన్నీ పులుపు, ఉప్పు, తీపి, జిగురు ప్రధానమైన వంటలు. నాలుకకు, పంటికి తెలిసేవి. పూర్వం ప్రతి శుక్రవారం ఉండే బిర్యానీ జనవరి నుండి జూన్ వరకు ఒక్క గడిలోను లేదు. మెంతికూర లేదు. ఏలకుల పరిమళమే ప్రాణమైన గుమ్మడి ఖీర్ లేదు. ‘ఈ ఏడు మేము అడిగిన వంటలు’ అని మేము అనుకొన్నవి వాస్తవానికి నానీ వండగలిగిన వంటలు. ఎవరైనా బిర్యానీ అడిగితే, బియ్యం బాగాలేదనో, ఎండ ఎక్కువనో చెప్పి, “ఖట్టీ దాల్ చేయనా?” అనేది. దాల్ రుచిగా ఉండేది గనుక మేము సరే అనేవారము. ఇంటివారి అభిరుచి ఆమె ముక్కుతో పాటు మారిపోయినదని ఎవరమూ గమనించలేదు.

జూన్ 7న బక్రీద్ నాడు బిర్యానీ తప్పలేదు. ఆనాడు వండినది మేము, చెప్పినది ఆమె. దమ్ పెట్టునప్పుడు గిన్నె మూత చుట్టూ గోధుమపిండి ముద్దతో మూసివేయుట తెలిసినదే. లోపలి ఆవిరి బయటికి పోక బియ్యాన్ని, మాంసాన్ని ఒకే వేడిలో మగ్గిస్తుంది. పూర్వం నానీ పిండి అంచున ఎక్కడో సన్నగా వెలువడే పరిమళాన్ని బట్టి దించేది. ఈసారి ఆమె గిన్నె పక్కన చెవి ఒగ్గి కూర్చున్నది. అడుగున మసాలా రసం ఉడుకుతున్నంతసేపు బుడబుడమని మందమైన చప్పుడు వస్తుంది. రసం ఇంకిన కొలది అది సన్నగిలి చిటచిటలాడుతుంది. అప్పుడు తడి వ్రేళ్ళతో గిన్నె పై ప్రక్కను తాకి చూపుమన్నది. నీటిచుక్క చుయ్యిమని వెంటనే ఆరితే ఆవిరి పై వరకు చేరినదన్న మాట. మంట తీసి, పావుగంట కదపకుండా ఉంచి తెరిచాము. అడుగున రెండు మూడు చోట్ల పట్టినది. అయినా బిర్యానీ బిర్యానీయే. అందరూ వాసన బాగున్నదన్నారు. నానీ ఒక ముద్ద తిని, ఉప్పు సరిపోయినదన్నది.

వైద్యుల సలహా మేరకు ఆమె ఉదయం, సాయంత్రం నాలుగు సీసాలు ముందు పెట్టుకొని ఒక్కొక్కటి కొంతసేపు వాసన చూస్తున్నది. లవంగాలు, నిమ్మ తొక్క, గులాబీ అత్తరు, నీలగిరి తైలం. నశించిన గ్రహణశక్తిని మరల మేల్కొలుపుటకు ఇట్టి అభ్యాసం పలు దేశాలలో సూచింపబడుతున్నది. నెలల తరబడి చేయవలెను. ఏమీ తెలియకపోయినా సీసా చూస్తూ ఆ వాసనను జ్ఞాపకం తెచ్చుకొనవలెను. నానీ దానిని నమాజు వలె వేళ తప్పక చేస్తుంది. ఆమె సీసాలతో కూర్చున్నప్పుడు మేము నోటుపుస్తకంతో కూర్చుంటాము. ఇంతవరకు ఇరువది మూడు వంటల గుర్తులు వ్రాసికొన్నాము. ప్రతి వంటకు రెండు వరుసలు: ఒకటి ముక్కు చెప్పేది, రెండవది కన్ను, చెవి, చేయి చెప్పేది.

పోయిన వారం లవంగాల సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకొనగానే ఆమె మొహం చిట్లించి దానిని దూరంగా నెట్టివేసినది. కాలిన టైరు వాసన వస్తున్నదట. మేము కంగారుపడి వైద్యులకు చెప్పితే, ఇది మంచి సూచనయే, చెదరిన నరాలు తిరిగి అల్లుకొనునప్పుడు వాసనలు ఇట్లు వికృతంగా తోచుట కలదు, సాధన మానవద్దు అన్నారు. లవంగం టైరు వలె ఉంటే బిర్యానీ ఏమి కావలెనని నానీ కొంతసేపు గొణిగినది. తరువాత చెల్లెలిని పిలిచి, పెన్సిలు తెప్పించి, వచ్చే శుక్రవారం గడిలో ఆ పేరు వ్రాయుమన్నది.